చంటిబిడ్డల వార్డులో గులాబీరంగు సబ్బు

జమ్మలమడుగులోని మా ఇంటికి నర్సింగు చదివే ఆడపిల్లలు అప్పుడప్పుడు వస్తుంటారు. "సలోమి ఆంటీ, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో చెప్పండి" అంటారు. నాకేం తెలుసు? నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. రాత్రి డ్యూటీ చేస్తావా, పెళ్లయితే మానేస్తావా అని. చేస్తానన్నాను, మాననన్నాను. సోమవారం నుంచి రమ్మన్నారు. కాబట్టి ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో నా దగ్గర నేర్చుకునేది ఏమీ లేదు. వచ్చాక ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలను.

నేను ఎక్కువ కాలం పనిచేసింది ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, చంటిబిడ్డల వార్డులో. దాని పేరు రాయను. మధ్యలో కొన్నాళ్లు పెద్దవాళ్ల వార్డుకు వేశారు. ఎక్కడున్నా నా పని ఒకటే అని చాలా ఆలస్యంగా అర్థమైంది: బయట ఉండాల్సిన క్రిమి మనిషి నెత్తురులోకి పోకుండా చూడటం, పోతే తొందరగా కనిపెట్టడం. మిగతావన్నీ, అంటే యూనిఫారం ఇస్త్రీ, సంతకాలు, పెద్ద డాక్టరు రాగానే లేచి నిలబడటం, మీరు చేరిన వారంలో మీకే వచ్చేస్తాయి.

బుద్ధిమంతుడు

చాపాడు వైపు నుంచి ఒకాయన చంటిబిడ్డను తువ్వాలులో చుట్టుకుని వచ్చాడు. బిడ్డకు బొడ్డు ఇంకా ఊడలేదు. ఆయన కంగారుగా ఏమీ లేడు. బిడ్డ తల్లికి కుట్లు చూపించాలని వచ్చారట, బిడ్డను ఎత్తుకోవడం ఆయన వంతు. వరండాలో కూర్చున్న వాళ్లందరికీ కొడుకును చూపిస్తున్నాడు.

"మావోడు శానా బుద్ధిమంతుడు సిస్టరమ్మా. నిన్నటి నుంచి ఒక్కసారి గూడా ఏడ్చల్యా. పాలకు గూడా లేయడు. పండుకోబెడితే పండుకున్నట్లే ఉంటాడు. మా నాయన పోలిక."

నేను నవ్వుతూనే బిడ్డ పాదం పట్టుకున్నాను. ఐసులా ఉంది. పొట్ట కొంచెం ఉబ్బింది. నోట్లో వేలు పెడితే చీకలేదు. తువ్వాలుతో సహా బిడ్డను లాక్కుని వార్డులోకి పరిగెత్తాను. ఆయన నా వెనకాలే పరుగు.

"బుద్ధిమంతుడంటే ఎందుకమ్మా అట్ల ఉరుకుతాండావు?"

ఎందుకంటే చంటిబిడ్డ బుద్ధిమంతుడు కాకూడదు. పెద్దవాళ్ల నెత్తురులో క్రిమి చేరితే చలి, వణుకు, కాలిపోయే జ్వరం వస్తాయి, ఇల్లంతా తెలిసిపోతుంది. పుట్టి వారమైనా కాని బిడ్డకు అంత శక్తి ఎక్కడిది? వాడు ఊరికే చల్లబడతాడు. పాలు మానేస్తాడు. మెత్తగా, గుడ్డలా అయిపోతాడు. జ్వరం రావచ్చు, రాకపోవచ్చు. థర్మామీటరు మామూలుగా చూపించింది కదా అని నిశ్చింతగా ఉన్న వాళ్లను చూశాను, ఆ నిశ్చింత ఎంతసేపు నిలిచిందో కూడా చూశాను.

ఆ బిడ్డ నెత్తురు తీసి కల్చర్ సీసాలో వేసి ల్యాబుకు పంపాం. ఏ క్రిమో తెలియడానికి రోజులు పడతాయి, అంతవరకు ఆగితే బిడ్డ ఆగడు. కాబట్టి నెత్తురు తీసిన వెంటనే యాంటీబయాటిక్ మొదలు. రిపోర్టు వచ్చాక సరైన దానికి మార్చడం. వాడు కోలుకున్నాడు. కోలుకుని, అంతవరకు దాచిపెట్టుకున్న ఏడుపంతా వడ్డీతో సహా మా మీద పెట్టాడు. పక్క వార్డు వాళ్లు వచ్చి ఫిర్యాదు చేశారు. తండ్రి అయితే ఇంటికి పోయేటప్పుడు నన్ను నిష్ఠూరంగా చూశాడు.

"మావోడు ఈడికొచ్చి చెడిపోయినాడు సిస్టరమ్మా" అన్నాడు.

నా ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పుల్లో ఇది ముఖ్యమైనది.

సుబ్బయ్య తాత సూది

పెద్దవాళ్ల వార్డులో ఉన్నప్పుడు కమలాపురం నుంచి సుబ్బయ్య అని ఒక పెద్దాయన చేరాడు. వాంతులు, నీరసం. సెలైన్ పెడితే మర్నాటికే లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. ఇక చేతికి సెలైన్ ఎక్కించిన క్యాన్యులా సూదిని తీసేద్దామని నేను పోతే, చేతిని దుప్పటి కింద దాచుకున్నాడు.

"ఉండనీలేమ్మా, నీకేం బరువు?"

"అవసరం లేదు తాతా. తిండి తింటున్నావు కదా."

"ఈపొద్దు మా వియ్యంకులు సూసేదానికి వస్తాండారు. సూది లేకపోతే, బాగుండాడు గదా, ఈడ పండుకుని ఏం చేస్తాండాడు అంటారు. నా మర్యాద ఏం గావల్ల?"

వియ్యంకులు వచ్చారు, చీనీకాయలు, అంటే బత్తాయిలు తెచ్చారు, సూదిని చూసి అయ్యో అన్నారు. ఆ తర్వాత తమ్ముడి కొడుకులు వస్తున్నారన్నాడు. ఆ తర్వాత ఎవరో పాత దోస్తు. వార్డు డాక్టరు కుర్రవాడు. "పోనీలే సిస్టర్, ముసలాయన ముచ్చట" అన్నాడు. ముచ్చట తీరేలోపే సూది చుట్టూ ఎర్రగా కమిలింది. ఒక మధ్యాహ్నం భోజనం పళ్లెం ముందు పెట్టుకుని తాత వణకడం మొదలుపెట్టాడు. మంచం గడగడలాడేంత వణుకు. పళ్లెం కిందపడింది. నెత్తురు కల్చర్ చేస్తే, మనందరి చర్మం మీదా ఉండే మామూలు క్రిమే, సూది వెంట లోపలికి దారి చూసుకుంది.

వాంతులకు వచ్చిన మనిషి, వాంతులు తగ్గాక అంతకంటే పెద్ద జబ్బుతో మా దగ్గరే ఉండిపోయాడు. చాలా కష్టం మీద బయటపడ్డాడు. పోయేముందు నన్ను పిలిచి రెండు చేతులూ చాపి చూపించాడు.

"సూడు, యాడా ఏం లేదు. ఎవరన్నా వస్తే నేను బాగలేదని నువ్వే చెప్పల్ల."

పిల్లలూ, ఒంట్లోకి పోయే ప్రతి గొట్టమూ, ప్రతి సూదీ ఒక తెరిచిన తలుపు. పొద్దున డ్యూటీకి రాగానే ఒక్కో మంచం దగ్గరా నిలబడి, ఇది ఇంకా ఎందుకుంది అని అడగండి. రోగిని అడగండి, డాక్టరును అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే తీసేయించండి. డాక్టరు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

గాజులు తీయండమ్మా

ప్రొద్దుటూరు బంగారం ఊరు. ఇక్కడ కాన్పు అంటే బిడ్డను చూడటానికి వచ్చే ప్రతి ఆడమనిషీ మోచేతి దాకా గాజులతో వస్తుంది. మగవాళ్లు వేలికి రెండు ఉంగరాలు. గాజుల సందుల్లో, ఉంగరాల కింద నీళ్లు పోవు, సబ్బు పోదు, క్రిమి మాత్రం హాయిగా ఉంటుంది. మా వార్డు పెద్ద డాక్టరు చంద్రమౌళి గారు ఒక నియమం పెట్టారు: మోచేతి కింద బంగారం ఉంటే లోపలికి ప్రవేశం లేదు. ఆ నియమం పెట్టింది ఆయన, తిట్లు తిన్నది నేను.

"ఇవి నా పెండ్లినాడు తొడిగినవి. నా పానం పోయినా రావు" అంది ఒకామె.

"మీ ప్రాణం సంగతి కాదమ్మా, లోపలున్న బిడ్డ ప్రాణం సంగతి."

"అయితే బిడ్డనే ఈడికి తీసకరా."

సబ్బు నురగ పెట్టి తీయించాను. గాజులు వచ్చాయి, ప్రాణం అక్కడే ఉంది.

చంద్రమౌళి గారి గురించి చెప్పాలి. మంచి డాక్టరు. కోపిష్టి. చేతులు కడగడం అంటే ఆయనకు పిచ్చి. పనిలేనప్పుడు సింకు పక్కన నిలబడి, ఎవరు ఎలా కడుగుతున్నారో చూసేవారు. బొటనవేలు మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి. ఆయన చెప్పినట్లు కడిగితే మడి కట్టుకున్నవాళ్లు కూడా సిగ్గుపడేవాళ్లు. ఒకసారి ఆసుపత్రి యజమానిని కూడా బయటే నిలబెట్టి కడిగించారు.

అలాంటాయన ఒకసారి బెంగళూరు పోయి, గోడకు బిగించే సబ్బు డబ్బా ఒకటి తెచ్చారు. చేయి చాపితే దానంతట అదే సబ్బు వదిలే యంత్రం. లోపల గులాబీరంగు సబ్బు, గులాబీ వాసన. మా అందరికీ భలే నచ్చింది. కడగమని పోరుపెట్టాల్సిన చుట్టాలు అడక్కుండానే వచ్చి రెండుసార్లు కడుక్కునేవాళ్లు. వాచ్‌మన్ దాంతో మొహం కడుక్కోవడం నేను కళ్లారా చూశాను. డాక్టరు గారికి ఒకటే ఆనందం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పారు: "డబ్బా ఎప్పుడూ ఖాళీగా కనిపించకూడదు. సగం కాగానే నింపేయండి." మేం నింపేశాం. సబ్బు చిక్కగా ఉండి యంత్రంలో దిగకపోతే కాసిని కుళాయి నీళ్లు కలిపాం.

కడిగేకొద్దీ

కొన్నాళ్లకు పులివెందుల నుంచి వచ్చిన గంగాదేవి అనే అమ్మాయికి నెలలు నిండకుండా మగబిడ్డ పుట్టాడు. చిన్నవాడే, కానీ గట్టివాడు. రోజూ కొంచెం కొంచెం బరువు పెరుగుతున్నాడు. ఇంకొన్నాళ్లలో పంపించేద్దామనుకుంటుండగా పాలు మానేశాడు. నెత్తురు కల్చర్‌కు పంపాం, మందు మొదలుపెట్టాం. ఆ మందు ఆ క్రిమి మీద పనిచేయలేదు. రిపోర్టు రాకముందే బిడ్డ పోయాడు. గంగాదేవి ఏడవలేదు. "నిన్న నా వేలు పట్టుకున్నాడు సిస్టరమ్మా" అని ఒక్క మాట అంది. వాళ్లు వెళ్లిపోయారు.

నెలలు నిండని బిడ్డలకు ఇలా అవుతుంటుందని మాకు మేం చెప్పుకున్నాం. అంతలోనే చిలమకూరు నుంచి వచ్చిన ఒక ఆడపిల్ల అదే రకంగా జబ్బు పడింది. ఆ తర్వాత ఇంకొక బిడ్డ.

కడపలో మా కల్చర్లు చూసే డాక్టర్ నస్రీన్ ఫోన్ చేశారు. చిన్న వయసు, మెల్లగా మాట్లాడతారు, మెత్తగా ఉండరు.

"సార్, మీ సీసాలన్నిట్లో ఒకటే క్రిమి. తడి చోట బతికేది. బిడ్డలు ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదు, మీ వార్డే ఇస్తోంది."

"మా వార్డా? అమ్మా, ఇక్కడ చేతులు కడిగినంతగా ఈ జిల్లాలో ఎవరూ కడగరు!" అని డాక్టరు గారు ఫోనులో అరిచారు.

అరిచినా నమ్మారు. అక్కడి నుంచి మా వార్డులో దొంగను వెతకడం మొదలైంది. డాక్టర్లకు నర్సుల మీద అనుమానం. నర్సులకు చుట్టాల మీద. చుట్టాలకు దిష్టి మీద. లిఫ్టు నడిపే ఆయన ఏసీదే తప్పని తేల్చేశాడు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. డాక్టరు గారు చేసిన పని, ఆయన ఎప్పుడూ చేసేదే: అందరూ రెండుసార్లు చేతులు కడగాలన్నారు. కడిగాం. ఇంకొక బిడ్డ పడ్డాడు. మూడుసార్లు కడగమన్నారు. చర్మం పగిలేలా కడిగాం. ఆయన మాకంటే ఎక్కువ కడిగారు.

చివరికి నస్రీన్ గారే కడప నుంచి ఒక పెట్టె నిండా దూది పుల్లలతో వచ్చారు. కుళాయిలు, బిడ్డలను వెచ్చగా ఉంచే వార్మర్లు, సెలైన్ సీసాల మూతలు, పాలు కొలిచే గిన్నెలు, తలుపు పిడులు, అన్నిటినీ పుల్లతో తుడిచి గొట్టాల్లో వేసుకున్నారు. డాక్టరు గారి స్టెతస్కోపును తుడిచారు. కళ్లజోడు కూడా ఇమ్మన్నారు.

"కళ్లజోడు ఎందుకమ్మా?"

"బిడ్డను ముట్టుకునేముందు మూడుసార్లు సర్దుకున్నారు సార్. నేను చూస్తూనే ఉన్నాను."

నేను వెనక్కి తిరిగి నవ్వు ఆపుకున్నాను. ఆయన కళ్లజోడు ఇచ్చి, ఏమీ కనిపించక కుర్చీ వెతుక్కున్నారు. చివరగా ఆమె గోడ మీద డబ్బా మూత తీసి, అడుగున పేరుకున్న జిగటలో పుల్ల తిప్పి తీసుకుపోయారు.

నస్రీన్ గారి ఫోన్ వచ్చినప్పుడు డాక్టరు గారు స్పీకరు పెట్టారు, మేమంతా చుట్టూ నిలబడ్డాం.

"సబ్బు సార్. డబ్బా అడుగున ఆ క్రిమి గూడు కట్టుకుంది. ఎప్పుడూ కడగలేదు, పైనుంచి నింపుతూ పోయారు. నీళ్లు కూడా కలిపినట్లున్నారు. మీరు కడిగిన ప్రతిసారీ అది చేతికి అంటింది."

నర్సుల్లో ఒకమ్మాయి నీళ్లు కలిపింది తనేనని ఏడుపు మొదలుపెట్టబోయింది. డాక్టరు గారు చేయెత్తి ఆపారు.

"నింపమన్నది నేను. ఖాళీ చేసి కడగమని చెప్పాల్సింది నేను. ఇది నాది."

స్క్రూడ్రైవరు తెప్పించుకుని తనే ఆ డబ్బాను గోడ నుంచి ఊడదీశారు. అప్పటి నుంచి మా వార్డులో మూసిన చిన్న సీసాలే. అయిపోతే పారేయడం, మళ్లీ నింపడం లేదు. కొత్తగా ఒక్క బిడ్డా జబ్బు పడలేదు. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో రిపోర్టులో ఉంది కాబట్టి, మిగతావాళ్లతో పాటు చిలమకూరు పాప కూడా తేరుకుంది.

పులివెందుల దారి

ఇక్కడితో ఆపేస్తే అందరికీ సుఖం. ఆసుపత్రి మేనేజరు ఆ మాటే అన్నాడు. "బాగైంది గదా సార్. ఎవరికీ తెలియదు. ఎందుకు కెలుక్కోవడం?"

నా అభిప్రాయం అడిగితే, నాకూ భయంగానే ఉండింది. డాక్టరు గారు వినలేదు. వార్డులో ఉన్న ప్రతి తల్లినీ, తండ్రినీ కూర్చోబెట్టి చెప్పారు. చిలమకూరు పాప అవ్వ ఆయనను నిలబెట్టి తిట్టింది. నేను విన్న తిట్లలో కొన్ని అక్కడే మొదటిసారి విన్నాను. ఆమె తిట్లు అయిపోయేదాకా ఆయన నిలబడ్డారు. ఆ తర్వాత, "సిస్టర్, పులివెందుల పోదాం పద" అన్నారు.

గంగాదేవి వాళ్లది ఊరి బయట చీనీతోట. మేం పోయేసరికి ఆమె మొగుడు తోటకు నీళ్లు కడుతున్నాడు. అత్త వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. మంచినీళ్లు ఇచ్చారు, మంచం వాల్చారు. గంగాదేవి గడప లోపలే నిలబడింది, బయటికి రాలేదు.

డాక్టరు గారు మాట తిప్పలేదు, డొంకతిరుగుడు లేదు. సబ్బు సంగతి, నింపమని తను చెప్పిన సంగతి, అన్నీ చెప్పారు. "మీ బిడ్డకు ఆ జబ్బు మా చేతుల నుంచే వచ్చింది" అన్నారు.

మొగుడు పార నేలమీద గుద్దాడు. "ఇంత దూరం వచ్చి మా ఇంట్లో కూచ్చొని చెప్తాండారా? మిమ్మల్ని ఏం చేయల్ల ఇప్పుడు?"

"మీ ఇష్టం నాయనా. కేసు పెడితే నేను ఇదే మాట అక్కడా చెబుతాను."

అప్పుడు గంగాదేవి గడప దాటి వచ్చింది. డాక్టరు గారి వైపు చూడలేదు. అత్త వైపు తిరిగింది.

"ఇన్నావా అత్తా? నా పాలు గాదంట."

అత్త చింతపండు గంప మీద నుంచి తల ఎత్తలేదు. అప్పుడు అర్థమైంది మాకు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో బిడ్డ పోయింది తల్లి పాలు పడకనే అని చెప్పుకుంటున్నారు. ఆమె వాతం తిండి తిన్నదని, తలస్నానం చేసి బిడ్డను ముట్టుకున్నదని, ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. ఆమె ఆ నిందలన్నీ మోసింది. అప్పుడు ఏడ్చింది, వార్డులో ఏడవనిదంతా. నేను పక్కన కూర్చున్నాను. అత్త కొంచెంసేపటికి లేచి వచ్చి, కోడలి తల మీద చేయి పెట్టింది. మొగుడు తోటలోకి వెళ్లిపోయాడు. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు, ఉండమనలేదు. వచ్చేశాం.

వాళ్లు కేసు పెట్టలేదు. పెడితే న్యాయమే అయి ఉండేది.

మళ్లీ కొంతకాలానికి ఒక పొద్దున ఓపీలో నిండు నెలలతో గంగాదేవి కనిపించింది. పక్కన మొగుడు, సంచి మోస్తూ అత్త. ఆడబిడ్డ పుట్టింది. వార్డులో పెట్టాల్సిన అవసరమే రాలేదు, నేరుగా తల్లి పక్కలోకి పోయింది. ఇంటికి పంపేరోజు డాక్టరు గారు ఆమె మంచం దగ్గరికి వచ్చి అడిగారు.

"అమ్మా, పులివెందులలో ఆసుపత్రులున్నాయి, కడపలో ఉన్నాయి. అంత జరిగాక మా దగ్గరికే ఎందుకొచ్చావు?"

గంగాదేవి బిడ్డకు గుడ్డ చుడుతోంది. ఇదేం ప్రశ్న అన్నట్లు చూసింది.

"వేరే ఆసుపత్రోళ్లు ఏమేం దాచిపెట్టుకోనుండారో నాకేం తెలుసు సార్? మీ దాంట్లో ఏం తప్పు జరిగిందో నాకు తెలుసు."